ఫ్రీరైడ్ సైకిల్: కొన్నాక ఏం చూడాలి, ఏది ఎప్పుడు మార్చాలి

ఫ్రీరైడ్ సైకిల్ దెబ్బలు తినడానికే పుట్టిన బండి. కెనడాలో వాంకూవర్‌ను ఆనుకుని ఉన్న నార్త్ షోర్ కొండల్లో, అంటే ఫ్రామ్, సీమోర్, సైప్రస్ కొండల మీద, 1990లలో కొందరు తడి అడవిలో చెక్క వంతెనలు కట్టి, బండల అంచు మీంచి దూకుతూ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. 1999లో విస్లర్ బైక్ పార్క్ తెరిచారు. 2001లో యూటాలోని వర్జిన్ దగ్గర ఎర్రమట్టి కొండల మీద రెడ్ బుల్ రాంపేజ్ మొదలైంది. అప్పటి నుంచి ఈ బండి ఆకారం చాలా మారింది, పని మాత్రం మారలేదు: ఎత్తు నుంచి దూకి దిగాలి, మళ్లీ కొండెక్కడానికి ఓపిగ్గా తొక్కించుకోవాలి.

ఇప్పటి లెక్కలో ముందూ వెనకా 170 నుంచి 180 మి.మీ. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), ఒకే కిరీటం (ఫోర్క్ కాళ్లను పైన కలిపే ముక్క, క్రౌన్) ఉన్న లావు ఫోర్క్, గట్టి ఫ్రేమ్ ఉంటే దాన్ని ఫ్రీరైడ్ బండి అంటున్నారు. ప్రొపెయిన్ స్పిండ్రిఫ్ట్, కాన్యన్ టార్క్, నార్కో షోర్ ఆ కోవలోవి. 200 మి.మీ. డౌన్‌హిల్ రేసు బండి కొండెక్కదు. 150 మి.మీ. ట్రయల్ బండి ఎక్కుతుంది గానీ పదే పదే పెద్ద దూకుళ్లు చేస్తే ముందు చక్రం వంగుతుంది, తర్వాత ఫ్రేమ్ బీటలిస్తుంది.

ఈ బండి కొన్న చాలామంది మొదటి నెలలోనే ఫోర్క్ మార్చాలని, కాయిల్ షాక్ (గాలికి బదులు ఇనుప స్ప్రింగు ఉండే వెనక షాక్) వేయాలని చూస్తారు. డబ్బు పెట్టాల్సిన వరుస అది కాదు. ముందు కొలతలు రాసుకోవాలి, తర్వాత ఉన్నదాన్ని సరిగ్గా సర్దాలి, ఆ తర్వాత టైర్లు, బ్రేకులు. సస్పెన్షన్ కొనుగోలు వాటన్నిటి వెనక వస్తుంది. ఈ మార్గదర్శి అదే వరుసలో నడుస్తుంది.

ముందు కాగితం, తర్వాత పాన

సైకిల్ సామాన్లలో ఒకదాన్ని పోలి ఇంకోటి ఉంటుంది, కానీ పట్టదు. ఆర్డర్ పెట్టే ముందు ఈ అంకెలు ఒక కాగితం మీద ఉండాలి:

- వెనక ఇరుసు: 12×148 (బూస్ట్), 12×157 (సూపర్ బూస్ట్), పాతవాటిలో 12×142 లేదా 12×150.
- ముందు ఇరుసు: 15×110 లేదా 20×110. 20×110లోనే పాతది, బూస్ట్ అని రెండు రకాలున్నాయి. ఇరుసు ఒకటే అయినా రోటర్ కూర్చునే చోటు వేరు, హబ్ ఒకదాని బదులు ఒకటి పనికిరాదు.
- హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ముందు ఫ్రేమ్ గొట్టం) కప్పుల కొలతలు, స్టీరర్ (అందులోకి వెళ్లే ఫోర్క్ కాడ) టేపరా, అంటే కింద లావు, పైన సన్నమా, కాదా.
- షాక్ పొడవు, స్ట్రోక్. ఉదాహరణకు 230×65. మొదటి అంకె రెండు కంటి రంధ్రాల మధ్య దూరం, రెండోది షాఫ్ట్ లోపలికి వెళ్లే దూరం. పై భాగం ట్రనియన్ తరహా (కంటి రంధ్రం బదులు రెండు పక్కలా బోల్టులు బిగించేది) అయితే 205×65 అని ఉంటుంది. 2016కు ముందు షాకులు అంగుళాల లెక్కలో తయారయ్యేవి: 216×63, 222×70, 240×76 లాంటివి. ఈ రెండు కుటుంబాలూ కలవవు.
- షాక్ బుషింగుల వెడల్పు, బోల్టు మందం. షాక్ సరిగ్గా వచ్చి బిగించే సామాను సరిపోక బండి నెలల తరబడి మూలన పడటం చాలా మామూలు.
- ఫ్రేమ్ ఒప్పుకునే గరిష్ఠ ఫోర్క్ ట్రావెల్, డబుల్ క్రౌన్ (రెండు కిరీటాల) ఫోర్క్‌కు అనుమతి ఉందా లేదా.
- వెనక రోటర్ గరిష్ఠ సైజు, సీట్ ట్యూబ్ లోపలి వ్యాసం (30.9, 31.6 లేదా 34.9), ఫ్రీహబ్ (వెనక గేర్ల పళ్ల చక్రాలు కూర్చునే భాగం) రకం (హెచ్‌జి, ఎక్స్‌డి, మైక్రోస్ప్లైన్), బాటమ్ బ్రాకెట్ (పెడల్ ఇరుసు తిరిగే చోటు) దగ్గర చైన్ గైడ్ కోసం ఐఎస్‌సిజి 05 చెవులు ఉన్నాయా.

ఇవి తయారీదారు ఇచ్చే పత్రంలో దొరుకుతాయి. పత్రం లేకపోతే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. షాపులో అడిగి తెలుసుకున్న అంకెను మాత్రం కొలవకుండా నమ్మవద్దు.

పాత బండి కొంటుంటే

ఈ తరహా బండి సెకండ్ హ్యాండ్‌లో తరచు బాగా చవగ్గా కనిపిస్తుంది. చవక ఎందుకయ్యిందో చూడటానికి అరగంట పెట్టండి. బురదతో ఉన్న బండిని చూడనే చూడకండి, కడిగి ఆరాక రమ్మంటే మంచిది. బీటలు మట్టి కిందే దాక్కుంటాయి.

టార్చి పట్టుకుని హెడ్ ట్యూబ్ కింద అతుకు, డౌన్ ట్యూబ్ బాటమ్ బ్రాకెట్‌ను కలిసే చోటు, సీట్ ట్యూబ్ మెడ, షాక్ బిగించే చెవులు, వెనక చక్రం ముందుండే చైన్ స్టే వంతెన, ఈ వరుసలో చూడండి. పెయింట్ మీద సన్న గీత కనిపిస్తే దాని మీద పత్తి గుడ్డ లాగండి. పోగు తగులుకుంటే, లేదా గీత వెంట బూడిద రంగు మసి ఊరుతుంటే, అది పెయింట్ గీత కాదు. అల్యూమినియంలో బీట మొదలయ్యాక ఆగదు. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందనే మాట వినవద్దు. వేడి చేసి బలం తెచ్చిన లోహం అది, అతుకు పక్కన ఆ బలం పోతుంది. ఫ్యాక్టరీలో వెల్డింగ్ తర్వాత మళ్లీ వేడి చికిత్స చేస్తారు, వీధి చివర షాపులో ఆ వీలు లేదు.

లూజు ఎక్కడుందో వేలే చెబుతుంది. సీటు పట్టుకుని బండిని పైకి కొద్దిగా ఎత్తి దించుతూ, ఒక్కో కీలు మీద వేలు అడ్డంగా పెట్టండి. కదిలే కీలు వేలికి తెలుస్తుంది. ఎక్కువసార్లు దోషి షాక్ చివరనుండే బుషింగే, అది చవక సామాను. మెయిన్ పివట్ (ప్రధాన కీలు) బేరింగులు పోతే ఖర్చు, శ్రమ రెండూ పెరుగుతాయి. ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపి, ఒకసారి హెడ్‌సెట్ కప్పు దగ్గర, ఇంకోసారి ఫోర్క్ సీల్ దగ్గర వేలు పెట్టండి. హెడ్‌సెట్ లూజు బిగిస్తే పోతుంది. ఫోర్క్ బుషింగ్ లూజు బిగించి పోగొట్టేది కాదు.

ఫోర్క్ పై గొట్టాల మీద గోరు నడపండి. గోరు ఆగే గీత సీల్ తిరిగే భాగంలో ఉంటే నూనె కారుతుంది. బంగారు రంగు పూత అరిగి వెండి రంగు తేలిందంటే సర్వీసు లేకుండా నడిపారని అర్థం. అలాగే ముందు బ్రేకు పట్టి బరువు మోపినప్పుడు కిరీటం దగ్గర కిర్రుమంటే, గొట్టాలను కిరీటంలోకి నొక్కి బిగించిన చోటు వదులవుతోంది. ఈ రెండింటికీ మందు మొత్తం పై భాగం మార్చడమే. ధర మాట్లాడేటప్పుడు అది తీసేసి మాట్లాడండి.

అమెరికా, కెనడాల్లో కొంటుంటే ఫ్రేమ్ కింద ఉన్న సీరియల్ నంబర్‌ను దొంగతనానికి గురైన సైకిళ్ల వివరాలుండే బైక్ ఇండెక్స్‌లో, ప్రాజెక్ట్ 529లో వెతకండి. దొంగ సొత్తు కాకపోయినా, ఫ్రేమ్ వారంటీ సాధారణంగా మొదటి యజమానితోనే పోతుందని గుర్తుంచుకోండి.

26 అంగుళాల చక్రాల కాలం నాటి బండ్లు, మార్జోకీ 66, రాక్‌షాక్స్ టోటెమ్ ఫోర్కులతో, ఇప్పటికీ దొరుకుతాయి. ఉన్నది ఉన్నట్టు తొక్కడానికైతే తీసుకోండి. మెరుగుపరచడానికి మాత్రం వద్దు: ఫోర్క్ మారిస్తే చక్రం మార్చాలి, చక్రం మారిస్తే ఇరుసు కలవదు, ఆ తోకకు అంతుండదు.

పైసా ఖర్చు లేని మార్పు: సాగ్, రీబౌండ్

బండి బాగోలేదనుకునే వాళ్లలో సగం మంది తప్పు స్ప్రింగుతో తిరుగుతున్నవాళ్లే. సాగ్ అంటే మనిషి ఎక్కి నిలబడగానే సస్పెన్షన్ కుంగే దూరం. రీబౌండ్ అంటే కుంగినది మళ్లీ పైకి లేచే వేగం.

1. హెల్మెట్, ప్యాడ్లు, నీళ్ల సంచి అన్నీ వేసుకోండి. బరువు వాటితో కలిపే.
2. కంప్రెషన్ డయల్స్ (కుంగే వేగాన్ని అదుపు చేసేవి) అన్నీ పూర్తిగా తెరవండి.
3. ఎయిర్ షాక్ అయితే, షాక్ పంపుతో గాలి ఎక్కించేటప్పుడు ప్రతి 50 పి.ఎస్.ఐ.కి ఒకసారి బండిని పదిసార్లు నెమ్మదిగా కుంగదీయండి. లోపల పై గది, కింది గది సమానమయ్యేది అప్పుడే. ఇది వదిలేస్తే అంకె తప్పు చూపిస్తుంది.
4. గోడ పక్కన పెడల్స్ మీద నిలబడి, మోకాళ్లు కొద్దిగా వంచి, రబ్బరు రింగును సీల్‌కు ఆనించండి. మెల్లగా దిగి కొలవండి.

వెనక 28 నుంచి 32 శాతం, ముందు 15 నుంచి 20 శాతం మొదలుపెట్టడానికి సరిపోతాయి. 65 మి.మీ. స్ట్రోక్ షాక్‌కు 30 శాతం అంటే 19.5 మి.మీ. 180 మి.మీ. ఫోర్క్‌కు 18 శాతం అంటే దాదాపు 32 మి.మీ. వెనక కొలత షాక్ షాఫ్ట్ మీదే తీయాలి, చక్రం దగ్గర కాదు.

కాయిల్ షాక్‌కు గాలి ఉండదు కాబట్టి స్ప్రింగు లెక్క కట్టాలి. 75 కిలోల మనిషి, సామగ్రితో కలిపి, అంటే 165 పౌండ్లు. అందులో సుమారు 65 శాతం వెనక చక్రం మీద పడుతుంది: 107 పౌండ్లు. వెనక ట్రావెల్ 170 మి.మీ.ని స్ట్రోక్ 65తో భాగిస్తే 2.6 వస్తుంది, అది లివరేజి (షాక్ ఒక మి.మీ. కుంగితే చక్రం ఎన్ని మి.మీ. కదులుతుందో ఆ అంకె). 107ను 2.6తో గుణిస్తే షాక్ మీద 278 పౌండ్లు. కావలసిన సాగ్ 19.5 మి.మీ., అంటే 0.77 అంగుళం. 278ని 0.77తో భాగిస్తే 361. స్ప్రింగులు సాధారణంగా 25 లేదా 50 పౌండ్ల తేడాతో అమ్ముతారు కాబట్టి 350 లేదా 375. ట్రావెల్ మొదట్లో ఫ్రేమ్ లివరేజి సగటు కన్నా ఎక్కువ ఉంటుంది. అందుకే ఈ లెక్క కొంచెం మెత్తగా తేలుతుంది. రెంటి మధ్య తేల్చుకోలేకపోతే 375 తీసుకోండి.

సాగ్ ఎక్కువైంది కదా అని ప్రీలోడ్ కాలర్‌ను (స్ప్రింగును నొక్కి పట్టే రింగును) నాలుగైదు చుట్లు తిప్పడం పొరపాటు. ఒకటి, మహా అయితే రెండు చుట్లు. అంతకు మించితే స్ప్రింగు గట్టిపడదు, మొదట్లో మొరాయిస్తుంది, అంతే. స్ప్రింగు మీద 400×65 లాంటి అంకెలుంటాయి. అందులో రెండోది షాక్ స్ట్రోక్ కన్నా తక్కువ ఉండకూడదు. తక్కువైతే స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనిపోయి షాఫ్ట్ విరుగుతుంది.

రీబౌండ్‌కు తేలిక పరీక్ష: నిలబడి ఫుట్‌పాత్ అంచు మీంచి నెమ్మదిగా దిగండి. బండి కుంగి, ఒకసారి పైకి లేచి, కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ మరీ వేగం, తీరిగ్గా లేస్తే మరీ నెమ్మది. తప్పు ఎటువైపున్నా ట్రాక్ మీద వేరే రూపంలో కనిపిస్తుంది. వేగం ఎక్కువైతే దూకుడు అంచున వెనక చక్రం తన్ని మనిషిని హ్యాండిల్ మీదికి తోస్తుంది. నెమ్మది ఎక్కువైతే వరుస రాళ్ల మీద సస్పెన్షన్ తేరుకునేలోపే మరో దెబ్బ పడి కిందికే దిగిపోతూ, చివరికి ఇనుప కడ్డీలా తయారవుతుంది. రెండోదాన్ని చూసి జనం స్ప్రింగు మెత్తగా ఉందనుకుని గాలి పెంచుతారు, దాంతో ఇంకా చెడుతుంది. డయల్‌ను పూర్తిగా మూసి, అక్కడి నుంచి ఎన్ని క్లిక్కులు తెరిచారో రాసుకోండి.

సాగ్ సరిగ్గా ఉన్నా ప్రతి దూకుడికీ అడుగు తగులుతుంటే గాలి పెంచకండి, గాలి గదిలో ఖాళీ తగ్గించే ప్లాస్టిక్ టోకెన్ ఒకటి వేయండి. గాలి పూర్తిగా తీశాకే మూత విప్పాలి. మర్చిపోయి విప్పితే మూత ముఖం మీదికి ఎగురుతుంది.

టైర్లు: మొదటి ఖర్చు ఇక్కడ

కొత్త బండితో వచ్చే టైర్లు షోరూమ్‌లో బరువు తక్కువ చూపించడానికి వేసినవి కావచ్చు. టైరు పక్కన రాసి ఉన్న మాట చదవండి. మాక్సిస్ అయితే ఎక్సో అంటే పలుచన, ఎక్సో ప్లస్ నడిమి, డబుల్‌డౌన్ గట్టి, డీహెచ్ అన్నిటికన్నా గట్టి. ష్వాల్బేలో సూపర్ గ్రావిటీ, సూపర్ డౌన్‌హిల్ అలాంటివి. వెనక డబుల్‌డౌన్ స్థాయికి తగ్గకూడదు. ముందు ఎక్సో ప్లస్‌తో నెట్టుకురావచ్చు, పెద్ద రాళ్లుంటే వద్దు. రబ్బరు విషయంలో ముందు మెత్తటిది (మాక్స్‌గ్రిప్), వెనక కాస్త గట్టిది (మాక్స్‌టెర్రా) వేస్తే పట్టు, మన్నిక రెండూ దక్కుతాయి. అస్సగాయ్ ముందు, మినియన్ డీహెచ్‌ఆర్ 2 వెనక అనే జత ఎక్కడ చూసినా కనబడటానికి కారణం ఉంది: ముందు టైరు ఎటు వంచినా పట్టు వదలదు, వెనకది బ్రేకు కొడితే నేలను కరుస్తుంది.

ట్యూబ్‌లెస్ చేసేటప్పుడు రిమ్ టేపు లోపలి వెడల్పు కన్నా 2 నుంచి 3 మి.మీ. ఎక్కువ ఉండాలి. మొదట రిమ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టేపును గట్టిగా లాగుతూ అతికించండి. 29×2.5 టైరుకు 100 నుంచి 120 మి.లీ. సీలెంట్. మొదటి రోజు గాలి దిగితే చక్రాన్ని పక్కకు పడుకోబెట్టి, గంటకోసారి తిప్పి పెట్టండి, గోడల సన్న రంధ్రాలు మూసుకుంటాయి. హైదరాబాద్ ఎండల్లో సీలెంట్ రెండు నెలలకే ఎండి రబ్బరు ముద్దవుతుంది, సియాటిల్ చలిలో దానికి ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. చక్రం ఊపితే లోపల ద్రవం చప్పుడు రాకపోతే పోయాల్సిన సమయం వచ్చినట్టే.

గాలి: 75 కిలోల మనిషికి, 30 మి.మీ. రిమ్ మీద 2.4, 2.5 టైర్లకు ముందు 22–24, వెనక 25–28 పి.ఎస్.ఐ. బైక్ పార్కులో పెద్ద దూకుళ్లు, గట్టి వంపులు ఉన్న రోజు రెండు మూడు పెంచండి, లేకపోతే వంపులో టైరు పక్కకు మడతపడి బుస్సున గాలి వదులుతుంది. పంపు మీది ముల్లు 3 పి.ఎస్.ఐ. వరకు అబద్ధం చెప్పగలదు. విడిగా డిజిటల్ గేజి ఒకటి కొని, అన్నిసార్లూ దాన్నే వాడండి.

వెనక రిమ్ అంచు ఇప్పటికే రెండు మూడు చోట్ల సొట్ట పడి ఉంటే టైరు లోపల నురుగు ఇన్సర్ట్ వేయండి. బరువు ఒక్కోటి సుమారు పావు కిలో వరకు పెరుగుతుంది, వెనక ఒక్కదానికి వేస్తే చాలు. వేయడం తీయడం మాత్రం ఒళ్లు హూనం. టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గరి స్పైడర్ మౌంటెన్ లాంటి రాళ్ల కొండల మీద తిరిగేవాళ్లకు ఈ శ్రమ గిట్టుబాటవుతుంది.

బ్రేకులు

నాలుగు పిస్టన్ల కాలిపర్, ముందు 220, వెనక 200 మి.మీ. రోటర్: ఇక్కడికి చేరితే చాలు. ఇప్పటికే నాలుగు పిస్టన్లుంటే మొత్తం బ్రేకు మార్చనక్కర్లేదు. రోటర్ పెంచి, మెటాలిక్ ప్యాడ్లు వేసి, బ్రేకు ద్రవంలో చేరిన గాలి తీయిస్తే కొత్త బ్రేకు వేసినట్టే ఉంటుంది. రెండు విషయాలు చూడండి. ఫోర్క్, ఫ్రేమ్ ఎంత రోటర్‌కు ఒప్పుకుంటాయో కాగితంలో ఉండాలి. షిమానో రోటర్లు 203, స్రామ్‌వి 200. అడాప్టర్ తేడా 1.5 మి.మీ.యే అయినా కలిపి వాడితే ప్యాడ్ అంచు రోటర్ దాటి పోతుంది. చవక రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటే మెటాలిక్ ప్యాడ్లు వేయకూడదు, రోటర్ త్వరగా అరిగిపోతుంది.

ద్రవం విషయంలో పొరపాటుకు తావులేదు. షిమానో, మగూరా మినరల్ ఆయిల్ మీద నడుస్తాయి. స్రామ్ కోడ్ డాట్ ద్రవం మీద నడుస్తుంది. స్రామ్ అంటే డాట్ అని గుడ్డిగా పోయకండి, వాళ్లవే డిబి8, మేవెన్ బ్రేకులు మినరల్ ఆయిల్‌వి. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది. డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి, కార్ల సామాన్ల షాపులో సీల్ తీయని చిన్న సీసా కొనవచ్చు. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు దగ్గరగా ఉందని మోసపోవద్దు. డాట్ ద్రవం గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో ఉంటే ఏడాదికొకసారి మార్చండి, విప్పిన సీసాను దాచుకోకండి.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండెక్కకూడదు. చదును దారిలో గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి 20 సార్లు, 30 కి.మీ. నుంచి 10 సార్లు తగ్గించండి. చక్రం పూర్తిగా ఆగకూడదు. ప్యాడ్ పదార్థం రోటర్ మీద సన్నని పొరగా అంటుకోవడమే దీని పని. మధ్యలో ఆపేస్తే ఒకేచోట ముద్దగా అంటుకుని తర్వాత లివర్‌లో అదురు వస్తుంది.

లోపం ఎక్కడుందో లివరే చెబుతుంది. కొండ దిగే కొద్దీ లివర్ హ్యాండిల్ వైపు వచ్చేస్తే గాలి ఉంది, లేదా ద్రవం మరుగుతోంది. లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్‌కు నూనె అంటింది. మన దగ్గర దానికి మొదటి కారణం చైన్ మీద కిరోసిన్, స్ప్రే నూనెలు కొట్టే అలవాటు. తుంపరలు రోటర్ మీద పడతాయి. రోటర్‌ను ఆల్కహాల్‌తో కడిగితే బాగవుతుంది, నూనె తాగిన ప్యాడ్ మాత్రం కాల్చినా గీకినా పూర్తిగా కోలుకోదు, పారేయండి.

షిమానో రోటర్ కొత్తది 1.8 మి.మీ. మందం, 1.5కు రాగానే మార్చాలి.

ఫోర్క్, షాక్: మార్చే ముందు కడగండి

కొత్త ఫోర్క్ ధరకు లోయర్ (ఫోర్క్ కింది కాళ్ల) సర్వీసు సామాను పది పదిహేనేళ్లకు సరిపడా వస్తుంది. 50 గంటలకోసారి చేయాల్సిన పని ఇది. గంటలంటే తొక్కిన గంటలు. వారానికి రెండు రోజులు దిగేవాళ్లకు మూడు నాలుగు నెలలకే వస్తుంది. చేయకపోతే లోపలి నురుగు రింగులు ఎండి, బుషింగులు పొడిగా రాసుకుని, పై గొట్టం పూత అరుగుతుంది.

1. గాలి ఒత్తిడి, అన్ని క్లిక్కులు రాసుకోండి. చక్రం, కాలిపర్ తీసి పక్కన పెట్టండి. గాలి పూర్తిగా వదలండి.
2. కింద రీబౌండ్ నాబ్ లాగేయండి. రెండు కాళ్ల కింది బోల్టులను మూడు నాలుగు మరలు వదులు చేసి, బోల్టు తల మీద ప్లాస్టిక్ సుత్తితో కొట్టండి. లోపలి షాఫ్ట్ ఊడి వచ్చిన చప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. బోల్టులు మొత్తం తీయండి, కింద పళ్లెం ఉంచండి.
3. లోయర్లను రెండు చేతులతో సమానంగా లాగండి. రాకపోతే బోల్టు వెనక్కి పెట్టి మళ్లీ తట్టండి. రెండు కాళ్లను కలిపే విల్లు మీద సుత్తి వేయకండి, అది విరిగే భాగం.
4. పై గొట్టాలు, లోయర్ల లోపలి భాగం ఆల్కహాల్, పోగులు రాలని గుడ్డతో శుభ్రం చేయండి. నల్లగా చిక్కగా నూనె కారిందంటే ఆలస్యం చేశారు. లోహపు మెరుపు కనిపిస్తే బుషింగులు అరుగుతున్నాయి.
5. నురుగు రింగులను చిన్న కొక్కెంతో తీసి, కడిగి, సస్పెన్షన్ నూనెలో నానబెట్టి తిరిగి పెట్టండి. 200 గంటలు దాటితే సీళ్లు కూడా మార్చండి. సీళ్ల లోపలి పెదవికి సస్పెన్షన్ గ్రీజు పలుచగా రాయండి.
6. లోయర్లను సగం దాకా ఎక్కించి, కింది రంధ్రాల్లోంచి సిరంజితో నూనె పోయండి. ఎంత, ఏ చిక్కదనం అన్నది మీ మోడల్, సంవత్సరం పత్రంలో చూడాలి. చాలా ఫోర్కులకు కాలికి 10 నుంచి 40 మి.లీ. మధ్య ఉంటుంది, రెండు కాళ్లకూ అంకె వేరు కావచ్చు. మోటార్‌సైకిల్ ఇంజిన్ ఆయిల్ దీనికి పనికిరాదు.
7. కొత్త క్రష్ వాషర్లతో బోల్టులు టార్క్ రెంచ్ మీద బిగించండి. ఎక్కువ ఫోర్కులకు 5.5 నుంచి 7.5 న్యూటన్ మీటర్ల మధ్య. పాత వాషర్ వాడితే మర్నాటికి బోల్టు చుట్టూ నూనె చుక్క కనిపిస్తుంది.
8. గాలి ఎక్కించి, పదిసార్లు కుంగదీసి, క్లిక్కులు పాత చోటికి తెండి.

ఇది చేశాక కూడా ఫోర్క్ నచ్చకపోతే అప్పుడు మార్చండి. 38 మి.మీ. గొట్టాలున్న రాక్‌షాక్స్ జెబ్, ఫాక్స్ 38 ఈ బండికి తగినవి. ట్రావెల్ 10 మి.మీ. పెంచితే హెడ్ కోణం సుమారు అర డిగ్రీ వాలుతుంది, బాటమ్ బ్రాకెట్ కొంచెం లేస్తుంది. కొండెక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది. 10 దాటి పెంచవద్దు, ఫ్రేమ్ పరిమితి లోపలే అయినా. డబుల్ క్రౌన్ వేయాలని మోజు ఉంటే ఫ్రేమ్ తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారో లేదో చూడండి. హెడ్ ట్యూబ్ మీద పడే బలం మారిపోతుంది, హ్యాండిల్ తిరిగినప్పుడు ఫోర్క్ కాలు డౌన్ ట్యూబ్‌ను కొట్టి సొట్ట చేస్తుంది.

కాయిల్ షాక్ విషయంలో ఫ్రేమే నిర్ణయిస్తుంది. చివరికొచ్చేసరికి ఫ్రేమ్ 20 శాతమో అంతకన్నా ఎక్కువో గట్టిపడే తరహా అయితే కాయిల్ చాలా బాగుంటుంది: చిన్న రాళ్లు మాయమవుతాయి, పొడవాటి దిగుడులో వేడెక్కినా తీరు మారదు. అంతకన్నా తక్కువైతే ప్రతి దూకుడికీ అడుగు తగులుతుంది, అప్పుడు ఎయిరే మేలు. షాక్‌ను పొడవాటి యోక్‌తో (షాక్ చివరను లింకుకు కలిపే ముక్కతో) నెట్టే ఫ్రేముల్లో ఇంకో ప్రమాదం ఉంది. పక్క బలం షాఫ్ట్ మీద పడి కాయిల్ షాకులు వంగడం, విరగడం జరుగుతుంది. అలాంటి ఫ్రేమ్‌కు తయారీదారు కాయిల్‌ను ఒప్పుకుంటేనే వేయండి.

స్ట్రోక్ పెంచాలనుకుంటే, ఉదాహరణకు 230×60 తీసి 230×65 వేస్తే, ముందు ఈ పరీక్ష చేయండి: స్ప్రింగు తీసేసి లేదా గాలి మొత్తం వదిలి, షాక్ బిగించి, వెనక చక్రాన్ని చివరిదాకా ఎత్తండి. టైరుకూ సీట్ ట్యూబ్‌కూ మధ్య, లింకుకూ ఫ్రేమ్‌కూ మధ్య చిటికెన వేలు పట్టాలి. పట్టకపోతే మొదటి పెద్ద దూకుడులో ఫ్రేమ్ పగులుతుంది.

మిగతావి తొందర లేదు

చైన్‌రింగ్ 32 లేదా 30 పళ్లు, సన్న-వెడల్పు పళ్ల తరహా, దాని కింద ఐఎస్‌సిజి చెవులకు బిగించే బాష్ గార్డు. బండ మీద కూర్చున్నప్పుడు పళ్లు బతికేది దానివల్లే, గేర్లు మార్చే ఖర్చుకు ముందు ఇది వేయండి. కొత్త చైన్ కోసేటప్పుడు షాక్ గాలి తీసి, వెనక ఇరుసు బాటమ్ బ్రాకెట్‌కు అన్నిటికన్నా దూరమయ్యే చోట ఆపి కొలవాలి. మామూలు సైకిల్‌లా కొలిచి కోస్తే మొదటి దూకుడులో డిరైలర్ (గేర్లు మార్చే భాగం) చీలిపోతుంది. 12 స్పీడ్ చైన్ 0.5 శాతం సాగగానే మార్చండి.

హ్యాండిల్ 780 నుంచి 800 మి.మీ., స్టెమ్ 35 నుంచి 50. 800ది కొని భుజాలకు తగ్గట్టు కోసుకోవచ్చు. గట్టిగా పడ్డాక అల్యూమినియం హ్యాండిల్ వంగకపోయినా, స్టెమ్ అంచు దగ్గర గీత పడితే మార్చేయాలి. చక్రాలు విరిగినప్పుడే మార్చండి. 32 చువ్వలు, అల్యూమినియం రిమ్, ఏ ఊళ్లోనైనా దొరికే చువ్వ పొడవు. సొట్ట పడ్డ అల్యూమినియం రిమ్‌ను పానతో సరిచేసి ఇంటికి రావచ్చు, కార్బన్ విరిగితే భుజాన మోయాలి.

కీళ్ల బేరింగులు ఏడాదికోసారి విప్పి చూడండి. షాక్ కింది బోల్టు తీసి, వెనక త్రికోణాన్ని చేత్తో ఎత్తి దించితే గరగర తెలుస్తుంది. 6902, 6802 లాంటి నంబరు బేరింగు మీదే రాసి ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని బేరింగుల షాపుకు వెళితే హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి, కానీ మ్యాక్స్ అని రాసినవి, గోళీలు నిండుగా ఉన్నవే అడగండి. మామూలువి తిరగడానికి చేసినవి, ఇక్కడ అవి తిరగవు, ఊగుతూ బరువు మోస్తాయి. సుత్తితో కొట్టి దింపకండి, బయటి గుండ్రానికి సరిపడే సాకెట్ పెట్టి మరబోల్టుతో నొక్కించండి. బోల్టులకు నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క, టార్క్ తయారీదారు చెప్పినంత.

అమెరికాలో సియాటిల్ దగ్గర సమామిష్, ఇసాక్వా వైపు తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడే డ్యూథీ హిల్‌లో మెల్లమెల్లగా ఎత్తు పెరిగే దూకుడు దారులున్నాయి, కొత్త సెట్టింగులు పరీక్షించడానికి అది సరైన చోటు: ఒకే దారి మూడుసార్లు దిగండి, ప్రతిసారీ ఒక్క డయల్ మాత్రమే, రెండు క్లిక్కులు మాత్రమే మార్చండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఈ బండిని విమానంలో ఇండియాకు తెస్తుంటే రోటర్లు తీసి విడిగా చుట్టండి, కాలిపర్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. లేకపోతే దారిలో ఎవరో లివర్ నొక్కి పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. డిరైలర్ విప్పి చైన్ స్టేకు కట్టండి. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుతుంది, గుర్తుంచుకోండి. పెట్టెలోనే రెండు జతల ప్యాడ్లు, లోయర్ సీల్ కిట్, సరైన నూనె, ట్యూబ్‌లెస్ వాల్వులు, డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క) రెండు వేసుకోండి. 2019 తర్వాత వచ్చిన యూడీహెచ్ హ్యాంగర్ అయితే చాలా ఫ్రేములకు అదే పడుతుంది. అంతకు ముందువైతే ఫ్రేమ్‌కొక ఆకారం. అది విరిగి ఇంకోటి లేకపోతే, మిగతా బండి అంతా బాగున్నా పార్సిల్ వచ్చేదాకా గోడకు ఆనించి ఉంచడమే.